బాపురావు అంకుల్ కోసం ఆగే గడియారం

యుకలేలే క్లాసులో చేరేనాటికి నిశాంత్ ఖాతాలో రెండు వందల పన్నెండు పౌండ్లున్నాయి. ఇంగ్లండ్ వీసా మార్చి దాకానే. ఆలోగా స్పాన్సర్ చేసే ఉద్యోగం దొరక్కపోతే ఇంటికే. బుల్లి గిటార్ లాంటి నాలుగు తీగల యుకలేలే నేర్చుకునే సమయం కాదది.

కానీ మూడు ఇంటర్వ్యూల్లోనూ ఒకే మాట చెప్పి పంపేశారు: ప్రశ్న పూర్తి కాకుండానే జవాబు చెప్తున్నాడని. హైదరాబాద్‌లో ఎంసెట్ కోచింగ్ నాటి అలవాటు. సగం ప్రశ్న చూసి బబుల్ దిద్దేవాడు. మంచి ర్యాంకు కూడా వచ్చింది. ఆ అలవాటే ఇప్పుడు పోవడం లేదు.

"నువ్వు కాలు ఊపితే నా మంచం గూడ ఊగుతుంది రా. ఆ చేతులకన్న ఏదైనా పని పెట్టు," అని ఫ్లాట్‌మేట్ మణిదీప్ అతన్ని లీడ్స్‌లోని ఒక చర్చి హాలుకి తోలాడు.

అక్కడ గురువారం పొద్దున పుష్పలీల ఆంటీ యుకలేలే నేర్పేది. నర్సుగా రిటైరైన వరంగల్ మనిషి. కొత్తవాళ్లకి తన దగ్గరున్న వాటిలో ఒకటిచ్చి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకోమనేది. కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం; 'సి' కార్డ్‌కి ఒక్క వేలు చాలు. 'జి'కి మూడు వేళ్లు కావాలి. అందరూ అక్కడే తడబడేవారు.

అప్పుడు గోడ గడియారం ఆగేది. కీళ్లనొప్పులున్న బాపురావు అంకుల్ వేళ్లు ఒక్కొక్కటే తీగల మీదికి చేరేదాకా సెకన్ల ముల్లు కదిలేది కాదు. కెటిల్ ఆవిరి గాల్లోనే నిలిచేది. బయట బస్సు మలుపు మధ్యలో ఆగేది. ఆయన తీగలు మీటగానే అన్నీ కదిలేవి.

"ఇయ్యాల బస్సును బాగనే ఆపినవ్ అన్నా," అనేది ఆంటీ.

"నా లగ్గంల ముహూర్తమే ఆగలే. గిదన్న ఆగనీ," అనేవాడాయన.

నిశాంత్ కోసం మాత్రం ఏదీ ఆగేది కాదు. నాలుగు దాకా లెక్కపెట్టి కార్డ్ మారాల్సిన చోట అతను మూడుకే మారిపోయేవాడు.

"ఏంది బిడ్డా, ఎవరన్న తరుముతున్నరా?"

"మార్చి నెల తరుముతుంది ఆంటీ. అంకుల్‌కి ఆగే గడియారం నాకెందుకు ఆగదు?"

"ఎనకబడ్డోళ్ల కోసం ఆగుతది. ముందే ఉరికెటోనికి అదేం జేస్తది?" అందామె. "వేళ్లు తీగల మీద పెట్టి ఊకో. కొట్టకు. అంకుల్ వాయించేది విను."

కొట్టకుండా కూర్చోవడం నరకంలా ఉండేది. రెండు క్లాసులు పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాడు. మూడో క్లాసులో ఉండగా రీడింగ్ అనే ఊళ్లోని ఒక కంపెనీ నుంచి ఫోనొచ్చింది. ఇంటర్వ్యూ చివరి రౌండ్. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, యుకలేలే చేతిలో ఉండగానే గుమ్మం దాకా వెళ్లాడు.

"రిపోర్టులో ఒక లెక్క తప్పిందని మీకు తెలిసింది..." అని మొదలుపెట్టింది మేనేజర్.

తప్పు ఎలా పట్టుకోవాలో అతనికి తెలుసు. జవాబు నాలుక చివరికొచ్చేసింది. అలవాటుగా వేళ్లు 'జి' పట్టాయి. కొట్టలేదు.

"...తప్పు చేసింది మీ టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి. ఆమెతో ఏం మాట్లాడతారు?"

నాలుక మీదున్న జవాబు ఈ ప్రశ్నకి పనికిరాదు. మొదటిసారి వెనకబడ్డాడు.

సెకన్ల ముల్లు ఆగింది. కెటిల్ మూగబోయింది. ఫోన్లో ఆమె ఊపిరి కూడా నిలిచింది. బస్సు మలుపులో ఉండిపోయింది. నిశాంత్ తొందరపడకుండా ఆలోచించాడు. తర్వాత మెల్లగా తీగలు మీటాడు.

"ముందు ఆమె చెప్పేది వింటాను," అన్నాడు. "పూర్తిగా."

"ఇంత వెంటనే ఆ మాట ఎవరూ చెప్పలేదు," అందామె. "స్పాన్సర్‌షిప్ పని మొదలుపెడతాం. సోమవారం రీడింగ్‌లోని మా ఆఫీసుకి..."

అతను మధ్యలో అందుకోలేదు.

"...రాగలరా?"

"వస్తాను."

అతను తిరిగొచ్చేసరికి అందరూ వేళ్లు సర్దుకుంటున్నారు. బాపురావు అంకుల్ పక్క కుర్చీని కాలితో ముందుకు తోశాడు.

"ఒకటి, రెండు, మూడు," అంది ఆంటీ.

వేళ్లు 'జి' మీద నిలిపి, నిశాంత్ నాలుగు కోసం చూస్తున్నాడు.