తుడిచిన చెంప

యర్రమ్మ పసిపిల్ల గడ్డం ఎడమచేత్తో ఎత్తిపట్టి, తడిగుడ్డతో బుగ్గలు తుడుస్తోంది. కాటుక, పసుపు, ఆముదం, ఏదీ మిగలకూడదు. మిగిలితే ఫొటోలో పుట్టుమచ్చ రంగు మారిపోతుందట. పిల్ల గుక్కపట్టి ఏడిచింది. తల్లి చేతికిచ్చేసి, గోడకు కట్టిన నీలంగుడ్డ ముడుతలు సరిచేసి, యర్రమ్మ వరండాలోకి తొంగిచూసింది. బల్ల మీద ఇంకా తుడవాల్సిన ముఖాలు ఉన్నాయి.

ఆమె ఈ కొండ ఆస్పత్రిలో ఆయా. యాభై దాటాయి. బక్కపలచని మనిషి. ఫినాయిల్‌ నీళ్లకు వేళ్ల సందులు ఒరిసి తెల్లబడ్డాయి. సాలూరు దగ్గర పుట్టి, పెళ్లయ్యాక కొండెక్కింది. మొగుడు ఈ ఆస్పత్రి జీపు నడిపేవాడు. ఒక వానాకాలం జీపుతో పాటే లోయలోకి పోయాడు. ఉన్న ఒక్క కూతురూ ఇక్కడే, కిటికీ పక్క మంచం మీద, మలేరియాతో కన్నుమూసింది. ఆ మంచం దుప్పటి ఇప్పటికీ యర్రమ్మే మారుస్తుంది.

విశాఖపట్నం డాక్టర్లు ఈమధ్య తరచు కొండకు వస్తున్నారు. ముఖం మీద పుట్టుమచ్చలున్న పిల్లల్ని ఏరి, పట్నం తీసుకుపోయి లేజరు పెట్టించి పంపుతారు. కొన్నాళ్లకు తిరిగొచ్చి, మచ్చ ఎంతమేర పోయిందో ఫొటోలు తీసి కొలుచుకుంటారు.

వరుసలో గంగ కూర్చుంది. వెనకాల స్తంభానికి ఆనుకుని ఆమె తాత సోంబరు.

సోంబరుది పెదబయలు పైన ఒక కొండ. చోడి, వలిసెలు పండిస్తాడు. వాళ్ల ఊళ్లో మనిషి పోతే, కట్టెల మీదికి చేర్చేముందు అయినవాళ్లు కుండమసి తీసి శవం మీద గుర్తు పెడతారు. ఆ మనిషి మళ్లీ ఆ ఇంట పుడితే పోల్చుకోవాలి కదా! భార్య సోములమ్మ పోయినప్పుడు సోంబరు ఆమె ఎడమచెంప మీద మసిచెయ్యి అద్దాడు. మరుసటేడు కొడుక్కి గంగ పుట్టింది, ఎడమచెంప నుంచి చెవి దాకా నేరేడుపండు రంగు మచ్చతో. కానుపు ఈ ఆస్పత్రిలోనే అయింది. యర్రమ్మ బిడ్డను తెచ్చి చూపితే ముసలాడు సిగ్గుపడిపోయాడు. "బేగి వచ్చేసినావే" అన్నాడు పసిగుడ్డుతో.

ఆనాటి నుంచి గంగ ఆ ఇంట్లో సోములమ్మే. అయిదేళ్లయినా నిండకుండానే నడుం మీద చేతులు పెట్టుకుని, జీలుగుకల్లు తాగొచ్చిన తాతను గుమ్మంలోనే నిలబెట్టేది. "సచ్చినా వదల్లేదు సూడండి నన్ను" అని ముసలాడు ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు.

హాస్టల్లో చేరాక తోటి పిల్లలు వెక్కిరించారు. లేజరు మాట వస్తే గంగే తలూపింది. తాతను ఎవరూ అడగలేదు. మచ్చ పోయింది. దాని చోట బూడిదరంగు మిగిలింది, మధ్యమధ్య తెల్లపొడలు. సోంబరు ఆమెను సోములమ్మా అని పిలవడం మానేశాడు. వేరే పేరుతోనూ పిలవలేదు. సోములమ్మ రెండోసారి ఎల్లిపోనాది అంటూ పొలంగట్టు మీద కూర్చునేవాడు.

యర్రమ్మ తడిగుడ్డ ఎత్తేసరికి గంగ ఆమె మణికట్టు పట్టుకుంది.

"అత్తా, మచ్చని మళ్లీ తెప్పించే మిషనుంటాదేటి? తాత పిలవడం నేదు."

యర్రమ్మ మెల్లగా చెయ్యి విడిపించుకుంది. తుడిచి లోపలికి తీసుకెళ్లింది. పట్నం డాక్టరు సర్వేశ్వరరావు గంగ ముఖాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, పక్కన రంగుల అట్ట పెట్టించి ఫొటోలు తీశాడు. అద్భుతంగా వచ్చిందన్నాడు. పట్నంలో ముగ్గురు డాక్టర్లు పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన చూసి మార్కులు వేస్తారట. నాలుక్కి నాలుగూ ఖాయమట.

"ఆ ముసిలాయన్ని కూడా ఓపాలి అడగండి బాబూ" అంది యర్రమ్మ. "ఈ మొకం పోల్సుకోవాల్సినోడు ఆయనే."

డాక్టరు నవ్వాడు. తెలిసినవాళ్ల మాట లెక్కకు రాదమ్మా, ముఖం ఎరగనివాళ్లు చెబితేనే అది కొలత అన్నాడు.

యర్రమ్మకు ఒళ్లు మండింది. తుడిచేసిందీ వీళ్లే, ఎంత బాగా తుడిచామో కొలుచుకునేదీ వీళ్లే! తన మనుషులు పోతే పోయినట్టే. ఇన్నేళ్లుగా ఈ ఆస్పత్రిలో పుట్టిన ప్రతి బిడ్డనూ ఆమె ఎత్తుకుని చూసింది. ఏం గుర్తు చూసి తన కూతుర్ని పోల్చుకుంటుంది? ఈ కొండవాళ్లకు ఒక దారి ఉంది. పోయినవాళ్లు తిరిగొచ్చే దారి. దాన్ని కూడా చెరిపి, పైగా మార్కులు!

కోపంతోనే టీ పట్టుకుని సోంబరు దగ్గరికి వెళ్లింది. ముసలాడి తల స్తంభం మీద వాలి ఉంది. కళ్లు సగం తెరిచి కొండవైపు చూస్తున్నాయి. పిలిచింది. ముక్కు దగ్గర వేలు పెట్టి, గ్లాసు నేల మీద దించి కూలబడింది.

గంగ బయటికొచ్చింది. తాతను చూసింది. చాలాసేపు ఏడవలేదు.

"అత్తా, మసి" అంది.

ఆస్పత్రి వెనక నీళ్లు కాచే కట్టెలపొయ్యి ఉంది. యర్రమ్మ డేగిసా అడుగు గీకి గుప్పెడు మసి తెచ్చింది. గంగ అరచేతికి రాసుకుని తాత ఎడమచెంప మీద ఒత్తింది.

"నువ్వు నన్ను పోల్సుకోకపోయినా, నేను నిన్ను పోల్సుకుంటాను."

అప్పుడు ఏడ్చింది.

డాక్టరు వచ్చి నాడి చూశాడు. అయ్యో అన్నాడు, నిజంగానే. తర్వాత మసి చూసి ముఖం చిట్లించి, ఇదేమిటి, చూడ్డానికి బాగోలేదు, తుడవమ్మా అన్నాడు.

యర్రమ్మ లేచింది. నడుముకు దోపుకున్న తడిగుడ్డ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నేను తుడవను బాబూ. మీరు తుడిసింది సాల్దేటి?"

 ఆయన పట్టుకున్న గుడ్డలోంచి నీళ్లు బూట్ల మీద కారాయి.

సాయంత్రం జీపులో ముసలాణ్ణి కొండకు పంపించారు. చెంప గుర్తు చెదరకుండా గంగ అతని తల ఒళ్లో పెట్టుకుంది. రేపటినుంచి రావద్దంటారేమో అనుకుంటూనే యర్రమ్మ వరండా ఊడ్చింది. బల్ల కింద చీపురుకు ఏదో తగిలింది. సోంబరు అంబలి తెచ్చుకున్న ఆనపబుర్ర. మూతికి కుక్కిన అడ్డాకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి.