లోకనాథం కూర్చున్న చోటు

నేను ఒక మరచెంబుని. ఈ మాట అంటే ఈ కాలం పిల్లలు తెల్లమొహం వేస్తారు, అంచేత ముందే చెప్పేస్తాను. చెంబుకి మెడ సన్నంగా తీసి, ఆ మెడకి మర చుట్టి, పైన గిన్నెలాంటి మూత బిగిస్తే మరచెంబు. తలకిందులు చేసినా చుక్క కారదు. మూత తీసి అందులోనే నీళ్ళు వంచుకుని తాగొచ్చు. పూర్వం రైలెక్కే ప్రతి ఇల్లాలి చేతిలోనూ నాలాంటిది ఒకటి ఉండేది.

నేను పుట్టింది ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితిలో, కంచరి వీధిలో. ఒక ముసలాయన నన్ను పోతపోసి, సానబెట్టి, లోపల వెండిలా మెరిసేట్టు కళాయి పూశాడు. విశాఖపట్నం నుంచి వచ్చిన అప్పలనర్సమ్మ అనే ఆవిడ నన్ను కొనుక్కుంది. ఆవిడతో పూరీ జగన్నాథానికి ఎన్నిసార్లు వెళ్ళానో. రైలు పెట్టెలో మనుషుల్ని చూసి నవ్వుకునేదాన్ని. ఒకరి మంచినీళ్ళు ఒకరు ముట్టరు, ఒకరి ఇంటి గొడవలు మాత్రం ఒకరు సుబ్బరంగా పంచుకుంటారు.

అలాంటి ఒక ప్రయాణంలోనే పలాస స్టేషన్లో ఆవిడ చెయ్యి జారి ప్లాట్‌ఫారం రాళ్ళమీద పడ్డాను. అడుగున ఒకపక్క సొట్ట పడింది. అప్పట్నించీ నన్ను ఎక్కడ పెట్టినా కుదురుగా ఉండను. పక్కకి ఒరిగి, ఊ అన్నట్టు తల ఊపుతూ ఉంటాను.

ఆవిడ పోయింది, ప్లాస్టిక్ సీసాలు వచ్చాయి, నన్ను అటక మీద పడేశారు. అక్కడ ఎన్నాళ్ళున్నానో అడక్కండి. ఇత్తడికి ఎండ తెలుస్తుంది, చలి తెలుస్తుంది, కాలం తెలియదు.

నన్ను కిందికి దింపింది అప్పలనర్సమ్మ కొడుకు లోకనాథం. ఓడరేవులో క్రేన్ నడిపి, రిటైరై ఇంటికొచ్చిన కొత్త. జీవితమంతా ఆకాశంలో చిన్న గదిలో కూర్చుని కిందికి చూసిన మనిషికి నేలమీద ఊపిరాడలేదు. ఆదివారాలు కొండలెక్కే గుంపొకటి ఉంటే అందులో చేరాడు. సీసాలో నీళ్ళు ఎండకి సలసల కాగిపోతాయని, చింతపండు వేసి నన్ను తోమి, తడిగుడ్డ చుట్టి, భుజాన వేసుకున్నాడు. భీమిలి ఒడ్డున ఏరిన ఒక పెద్ద గవ్వ కూడా జేబులో పెట్టుకునేవాడు. నన్ను దింపినచోటల్లా సొట్ట కింద ఆ గవ్వ దూర్చేవాడు. అప్పుడు నేను తిన్నగా నిలబడేదాన్ని. ఇంట్లో కూడా వంటింటి గట్టుమీద ఆ గవ్వమీదే నా కాపురం.

ఆ గుంపు సంగతి కూడా చెప్పాలి. గుమ్మంలో సముద్రం పెట్టుకుని కొండలకోసం వెతుక్కునే మనుషులు వాళ్ళు. తీరా కొండెక్కాక ప్రతివాడూ మొదట చేసే పని, సముద్రం ఎటుందా అని చూడడం. ఫోను పలకని చోటు కావాలంటారు, అక్కడికెళ్ళి పలుకుతోందా లేదా అని చెయ్యెత్తి చూసుకుంటారు. పోనీండి, మంచివాళ్ళే. మంచి చోటు అనిపించుకోవాలంటే వాళ్ళకి మూడు కావాలి: తాగే నీరు, నడుం వాల్చే చదును, కనుచూపులో సముద్రం.

గుంపులో ఒక ఆచారం ఉంది. కొత్తచోటు వెతకాలంటే ఒక్కడే వెళ్ళి వెతకాలి. దొరికాక అదెక్కడో ఎవరికీ చెప్పకూడదు. వచ్చే ఆదివారం అందర్నీ తానే నడిపించుకెళ్ళి చూపించాలి. ముందే చెప్పేస్తే నడకలో రుచి పోతుందట.

ఒక ఆదివారం లోకనాథం అలాగే ఒక్కడే వెళ్ళాడు. ఆనందపురం దాటి బస్సు దిగి, గొడుగుమెట్ట అనే కొండ ఎక్కాడు. సన్నటి గెడ్డ, కొండవాగు, ఒకటి రాళ్ళ సందుల్లోంచి దిగుతోంది. అందులో నన్ను నింపి, ముళ్ళపొదలు తప్పించుకుని ఇంకాస్త పైకి వెళితే, పందిరిలా ముందుకు వాలిన పెద్ద బండ ఉంది. దానిమీదికెక్కి కూర్చున్నాడు. కాళ్ళకింద లోయ, లోయ చివర నీలంగా గీత గీసినట్టు సముద్రం. గవ్వ దూర్చి నన్ను పక్కన నిలబెట్టాడు. పొద్దు వాలేదాకా అలాగే కూర్చున్నాడు. బస్సుకి వేళైపోతోందని హడావిడిగా దిగినప్పుడు నన్ను తీసుకున్నాడు, గవ్వని మరిచిపోయాడు.

ఇంటికొచ్చేసరికి అతని భార్య వరహాలమ్మ నిద్రపోయింది. తెల్లారాక మూతలో నీళ్ళు వంచి ఆవిడకి ఇచ్చాడు. ఇలాంటి నీళ్ళు పుట్టి బుద్ధెరిగి తాగి ఉండవన్నాడు. ఆవిడ తాగింది, బాగున్నాయంది. ఏదో తీపి, ఏదో వగరు, ఇంకా ఏదో ఉందంది. గట్టుమీద నేను ఒరిగిపోవడం చూసి గవ్వ ఏదని అడిగింది.

"ఎక్కడో జారిపోయినట్టుంది. ఇంకోటి తెత్తాన్లే, సముద్రానికి గవ్వలు కరువేటి?" అన్నాడు లోకనాథం. తర్వాత, "ఆదివారం నువ్వూ రాయే. ఒక్కసారి రా. ఎక్కడో సెప్పను, సూపిత్తాను" అన్నాడు.

అంతకుముందు ఎన్నిసార్లు పిలిచినా వరహాలమ్మ వెళ్ళలేదు. మోకాళ్ళంది, ఇంటిపనంది, కొండల్లో నాకేం పనంది. ఆ రోజు మాత్రం ఎందుకో, "సరే, ఒస్తాను" అంది. ఆ మాటకి ఆయన మొహం ఎలా అయ్యిందో ఆవిడ చూడలేదు, పొయ్యివైపు తిరిగి ఉంది. నేను చూశాను.

ఆదివారం రాలేదు. మధ్యలోనే, కూరల సంచితో గుమ్మంలో కూలబడి, లోకనాథం పోయాడు.

వరహాలమ్మ ఏడవలేదు. చుట్టాలు అదొక తప్పులా చూశారు. కాలు ముడుచుకుని చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది చూడండి, గిల్లినా తెలియదు, అది నా కాలేనా అనిపిస్తుంది. ఆవిడకి మనిషంతా అలా అయ్యింది. ఊడ్చేది, వండేది, తినేది. ఎవరైనా పలకరిస్తే సమాధానం చెప్పేది. నన్ను తోమి గట్టుమీద పెట్టేది. నేను ఒరిగిపోతే మళ్ళీ సరిగా పెట్టేది, నేను మళ్ళీ ఒరిగిపోయేదాన్ని.

పెద్దకర్మ అయ్యాక గుంపు పరామర్శకి వచ్చింది. గుంపుని నడిపేది దమయంతి అనే బ్యాంకు ఉద్యోగిని, వరహాలమ్మని పిన్నీ అంటుంది. ఆమెతో కనకారావు కూడా వచ్చాడు. ఆయన రైల్వేలో గార్డు చేసి రిటైరయ్యాడు, లోకనాథానికి ప్రాణస్నేహితుడు, టిఫిను లేకుండా మెట్టయినా ఎక్కని మనిషి. ఏదైనా సాయం కావాలా అని వాళ్ళు మర్యాదకి అడిగారు. వరహాలమ్మ ఒకటే అడిగింది.

"ఒస్తానని మాటిచ్చాను ఆయనకి. ఆ చోటికి నన్ను తీసికెల్లండి."

ఎక్కడో వాళ్ళకి మాత్రం ఏం తెలుసు? ఆచారం ప్రకారం ఆయన ఎవరికీ చెప్పలేదు. బూట్లకి ఎర్రమట్టి అంటుకుందని ఆవిడ చెప్పింది. ఇక్కడి ఏ కొండైనా ఎర్రమట్టే. అక్కణ్ణించి సముద్రం కనిపిస్తుందని చెప్పాడంది. ఈ ఊళ్ళో సముద్రం కనిపించని కొండ ఏదో చెప్పమన్నాడు కనకారావు. ఆఖరికి ఆవిడే అంది, ఆ నీళ్ళ రుచి నా నాలుకమీద ఉంది, తాగితే గుర్తుపడతాను అని.

అలా మొదలైంది. ఆదివారం వస్తే వరహాలమ్మ చీర ఎగదోపి, ఆయన బూట్లలో పాతగుడ్డలు కుక్కి వేసుకుని, నన్ను భుజాన తగిలించుకుని బయల్దేరేది. సింహాచలం వెనకవైపు, కంబాలకొండ అంచులు, భీమిలి దారిలో మెట్టలన్నీ తిరిగారు. ఎక్కడ ఊట కనిపించినా ఆవిడ వంగి, దోసిట్లో పట్టి, ఒక గుక్క తాగి, కాదనేది. అంతే. ఇంకో కొండ. మోకాళ్ళ మాటే మళ్ళీ ఎత్తలేదు.

గొడుగుమెట్టకీ వెళ్ళారు. అదే గెడ్డ, అవే రాళ్ళు. నేను ఆవిడ భుజాన ఇంటినీళ్ళతో నిండి వేలాడుతున్నాను. వరహాలమ్మ వంగి, దోసిట్లో పట్టి తాగింది. "సప్పగా ఉన్నాయి. ఇయ్యి కాదు" అంది. తిరిగి దిగిపోయారు. బండ ఆ పొదలకి అవతలే ఉంది. నాకు నోరుంది, మూతుంది, మాట లేదు. దారి పొడుగునా మూత గొలుసు నా పొట్టకి కొట్టుకుంటూనే ఉంది, దాన్ని ఎవరు వింటారు?

ఆ తర్వాత జీడిమెట్ట. జీడితోట నీడ, మెత్తటి చదును, తోట అంచున ఊట. గుంపు రాత్రికి అక్కడే పడుకుందామంది. పడుకోబోయేముందు వరహాలమ్మ నన్ను ఊటలో నింపి తలదగ్గర పెట్టుకుంది. పొద్దున్న లేచి, నిద్రకళ్ళతో మూతలోకి వంచుకుని తాగింది. మళ్ళీ వంచుకుని తాగింది.

"దమయంతీ, ఇయ్యే ఆ నీళ్ళు" అంది.

గుంపంతా సంబరపడింది. కనకారావు కళ్ళు తుడుచుకుని, ఆ చేత్తోనే పులిహోర పొట్లం విప్పాడు. ఆ చోటుకి లోకనాథం చోటు అని పేరు పెట్టేశారు. నెలకోసారి అక్కడికే వెళ్ళడం మొదలెట్టారు. నీడ, నీరు, చదును, చెట్ల సందుల్లోంచి సముద్రం, ఇంకేం కావాలి? అంతా ఆనందంగా ఉన్నారు. వరహాలమ్మ ఒక చెట్టుకి ఆనుకుని కూర్చునేది. ఒకసారి దమయంతి పక్కకి చేరి, ఇప్పుడు మనసు నిమ్మళించిందా పిన్నీ అని అడిగింది.

"ఇక్కడికొస్తే ఏదో అవుతాదనుకున్నానమ్మా. ఏటీ అవలేదు" అంది వరహాలమ్మ. చెట్టుకి దెబ్బ తగిలితే జిగురు కారుతుంది, అదైనా తనకి రావడం లేదన్నట్టు కొమ్మవైపు చూసింది.

నిజం తెలిసింది వంటింట్లో. ఒకనాడు కుళాయి రాదన్నారని బిందెలూ గిన్నెలూ పట్టి, చివరికి నన్నూ నింపిపెట్టింది. మర్నాడు పొద్దున్న దాహమేసి, చేతికందిన నన్ను తీసి తాగింది. ఆగింది. బిందెలో నీళ్ళు స్టీలు గ్లాసుతో ముంచి తాగింది. మళ్ళీ నా నీళ్ళు తాగింది. ఆ తీపి, ఆ వగరు, ఆ ఇంకా ఏదో.

మూత తీసి నా లోపలికి చూసింది. కళాయి ఎప్పుడో పోయి పసుపుపచ్చగా ఇత్తడి బయటపడి ఉంది. ఏ నీళ్ళయినా ఒక రాత్రి నాలో నిద్రచేస్తే నా రుచే వస్తుంది. ఆవిడ ఇన్నాళ్ళూ కొండకొండా ఎక్కి వెతికింది నన్నే, నన్ను భుజాన వేసుకుని.

నన్ను విసిరికొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. కడిగి గట్టుమీద పెట్టింది. నేను ఒరిగాను. ఈసారి సరిచెయ్యలేదు, అలాగే చూస్తూ నిలబడింది.

ఆదివారం గుంపుకి ఉన్నమాట చెప్పేసింది. ఆ రుచి చెంబుది, నీళ్ళది కాదు, జీడిమెట్టో కాదో ఎవరికీ తెలియదు అంది. కనకారావు కూర్చున్నచోటే ఇంకాస్త కూలబడ్డాడు.

"అంటే ఏటొదినా, ఎక్కిన కొండలన్నీ మల్లీ ఎక్కాలా? జీడిమెట్టకేటొచ్చింది? సక్కగా నీడుంది, పడుకోడానికుంది. లోకనాథం గాడైతే మాత్రం ఇంతకన్న మంచి సోటు ఏరతాడేటి?"

వరహాలమ్మ ఆ మాట దగ్గరే ఆగింది. "ఏరడు. అదే సెప్తన్నాను. ఆయనకి పడుకోడానికి సోటెందుకు? మూడు పదులేళ్ళు క్రేను మీద కూకున్న మనిసి. సినేమాకెల్తే బాల్కనీ, బస్సెక్కితే డైవరు పక్కన. మా పెళ్ళిలో కూడా కింద బంతిలో కూకోలేదు, మేడ మెట్లమీద కూకుని తిన్నాడు. నీళ్ళు తాగి సూత్తే ఏం తెలుత్తాది? ఆయన ఎక్కడ కూకుంటాడో సూడాల."

మీరు రాకపోతే నేనొక్కదాన్నే వెళతానంది. కనకారావు తిట్టుకుంటూనే బూట్లు వేసుకున్నాడు.

ఈసారి ఆవిడ నీళ్ళదగ్గర ఆగలేదు. ఊట కనిపిస్తే, దానికి పైన ఏముందని చూసేది. కొన్నిచోట్ల ఏమీ లేదు. గొడుగుమెట్ట వంతు వచ్చింది. గెడ్డ దగ్గర కనకారావు టిఫిను విప్పుతుంటే, వరహాలమ్మ పొదల్ని కర్రతో పక్కకి నెట్టి, ముళ్ళు చీర చింపుతున్నా చూసుకోకుండా పైకి వెళ్ళింది. దమయంతి వెనకాలే పరిగెత్తింది.

బండ ఎండకి కాలుతోంది. వరహాలమ్మ చేతులూ మోకాళ్ళూ ఆనించి దానిమీదికెక్కింది. అంచుదాకా వెళ్ళి, కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుంది. లోయ, దాని చివర సముద్రం. రేవులో క్రేన్లు పుల్లల్లా కనిపిస్తున్నాయి. ఆవిడ నన్ను భుజం మీంచి తీసి, చూడకుండానే పక్కన పెట్టింది.

నేను ఒరగలేదు.

అలవాటుగా నన్ను పట్టుకోబోయిన చెయ్యి గాలిలో ఆగిపోయింది. వంగి నా అడుగున తడిమింది. బండ పగులులో ఇరుక్కుని, ఎండకీ వానకీ పాలిపోయి, గవ్వ.

"దొరికిందా పిన్నీ?" అంది కింద నుంచి దమయంతి.

వరహాలమ్మ గవ్వని తియ్యలేదు. వేలితో దాని వీపు రాసింది. కొంగు నెత్తిమీదికి లాక్కుని, పక్కన ఖాళీ బండతో మాట్లాడింది.

"ఒక్క సెట్టు నీడైనా లేదు. ఈ ఎండలోనా కూకోబెడదామనుకున్నావు నన్ను?"

గొంతు మామూలుగానే ఉంది. కళ్ళు కూడా. కిందికి వేలాడుతున్న కాలు మాత్రం, తిమ్మిరి వదులుతున్నప్పుడు ఆడినట్టు, చిన్నగా ఆడడం మొదలెట్టింది. పొద్దు వాలేదాకా ఆవిడ లేవలేదు. కనకారావు టిఫిను పైకే పట్టుకొచ్చి వెనక కూర్చున్నాడు.

గుంపు ఇప్పటికీ జీడిమెట్టకే వెళుతుంది, నీడ ఉంది కదా. దాన్ని ఇప్పటికీ లోకనాథం చోటనే పిలుస్తారు. వరహాలమ్మ వాళ్ళని దిద్దలేదు. ఆవిడ అప్పుడప్పుడు గొడుగుమెట్టకి వెళ్ళొస్తుంది, గొడుగు పట్టుకుని. నన్ను ఆ గవ్వమీద నిలబెట్టి, తను పక్కన కూర్చుంటుంది.

గవ్వని ఇంటికి తేలేదు. ఇక్కడ గట్టుమీద నేను ఒరిగే ఉంటాను. పని చేసుకుంటూ అటూ ఇటూ తిరిగేటప్పుడు ఆవిడ చెయ్యి తగిలితే, ఊ అన్నట్టు కాసేపు తల ఊపుతాను.