ఇలీంకా పేరిట

పోయే ముందు వారం రోజులు వెరోనికా మంచం దిగలేదు. డెబ్బై మూడేళ్ల మనిషి. రొట్టెల కార్ఖానాలో ముప్పై ఏళ్లు పిండి పిసికిన చేతులు దుప్పటి మీద ఊరికే పడి ఉండేవి. కూతురు ఒలింపియా చెంచాతో చారు పడుతుంటే ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

"నన్నక్కడ ఏ పేరుతో పిలుస్తారే?"

"ఎక్కడమ్మా?"

"పైన. మా అమ్మ ఉంటుంది కదా. వెరోనికా అంటే ఆవిడకేం తెలుస్తుంది, తన కూతురినని? ఆ పేరు ఆవిడ పెట్టింది కాదు కదా."

"పిచ్చి మాటలు మాని మింగు," అంది ఒలింపియా. ఆ మాట అన్నందుకు తర్వాత చాలాకాలం తనను తాను తిట్టుకుంది.

వెరోనికా అనాథాశ్రమంలో పెరిగింది. నలభై ఏడు కరువులో, మోల్దావియా పల్లెల్లో జనం గడ్డీ, మొక్కజొన్న బెండ్లూ నూరుకు తిన్న రోజుల్లో, ఎవరో ఆమెను పట్నం తెచ్చి వదిలారు. అంతకుమించి ఆమెకు ఏమీ తెలియదు. ఈస్టర్ వెళ్లిన మరుసటి వారం వచ్చే పెద్దల ఈస్టర్‌కు ఇరుగుపొరుగు ఆడవాళ్లు తమ చనిపోయినవాళ్ల పేర్లు బారెడు కాగితాల మీద రాసి పాదిరికి ఇచ్చేవారు. వెరోనికా ఖాళీ కాగితం మడిచి ఇచ్చేది. పాదిరి దాన్ని విప్పి చూసి, "దేవుడికి తెలిసినవాళ్లు" అని చదివేవాడు.

తల్లిని పూడ్చి వచ్చాక ఒలింపియాకు ఇంట్లో పని లేకుండా పోయింది. భర్త ఎప్పుడో విడిపోయాడు. కూతురు ఇటలీలో ఎవరో ముసలమ్మకు సేవ చేస్తూ బతుకుతోంది. పగలు కర్టెన్లు కుట్టే దుకాణంలో మిషను తొక్కడం, సెలవు దొరికితే రాజధానికి పోయి పాత కాగితాల కార్యాలయం మెట్లెక్కడం. పదిహేను నెలలు అలా తిరిగింది. "మళ్లీ వచ్చిందిరా కర్టెన్ల అక్క" అని గుమస్తాలు నవ్వుకునేవారు. చివరికి వాళ్లలోనే ఒకావిడ జాలిపడి అనాథాశ్రమం దస్త్రం వెతికి తీసింది. అందులో నాలుగు వరసలున్నాయి.

ఆడపిల్ల. సుమారు నాలుగేళ్లు. మాట్లాడదు, పేరు చెప్పలేదు. వెరోనికా అని రాసుకున్నాము. లుంకెని ఊరి బండిలో తెచ్చారు. ఎడమ భుజం మీద కాలిన మచ్చ.

లుంకెని ఎక్కడో కాదు. వాళ్ల పట్నానికి నలభై కిలోమీటర్లు.

ఒలింపియా పెద్దల ఈస్టర్ వచ్చేదాకా ఆగింది. ఆ రోజైతే ఊరంతా శ్మశానంలోనే ఉంటుంది, ఇల్లిల్లూ తిరగనక్కర్లేదు. తల్లి ఫొటో, దస్త్రం నకలు సంచిలో పెట్టుకుని పొద్దున్నే మినీబస్సు ఎక్కింది.

లుంకెని శ్మశానం కొండవాలు మీద ఉంది. సమాధుల మీద పూల తువాళ్లు పరిచి, ఎర్రగుడ్లు, తీపిరొట్టెలు, ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం, వైన్ కూజాలు పెట్టుకుని జనం తింటున్నారు. ఒలింపియా మొదటి సమాధి దగ్గరే ఆగి అడిగింది. అక్కడ కూజా పట్టుకున్న లావాటి మనిషి ఆమె చేతిలో ముందు గ్లాసు పెట్టాడు.

"కరువు సంగతా? ముందు తిను తల్లీ. ఖాళీ కడుపుతో ఆ మాట ఎత్తకూడదు. ఆ కాలం మనుషులు ఇంకెవరున్నారు, మా అగాఫియా అవ్వ తప్ప? ఆవిడ ముందు నన్ను పూడ్చిగానీ పోదు."

అగాఫియా అవ్వ నేరేడుపండు రంగు శాలువా కప్పుకుని మొగుడి సమాధి పక్కన స్టూలు మీద కూర్చుంది. ఎనభై నాలుగేళ్లు.

"గట్టిగా అరవకు పిల్లా, చెవులు బాగానే ఉన్నాయి. సమ్మె చేసింది కాళ్లే. ఎవరి తాలూకు?"

"అదే తెలీదవ్వా. నలభై ఏడులో ఈ ఊరి బండిలో ఒక పిల్లను పట్నం పంపారట. నాలుగేళ్లది."

"ఒక పిల్లేమిటి, బండెడు పంపారు. సగం దారిలోనే పోయారు."

"ఆ పిల్ల మాట్లాడేది కాదట. భుజం మీద మచ్చ…"

అవ్వ చేతిలో రొట్టెముక్క అలాగే ఆగిపోయింది. "ఎడమ భుజమా?"

"అవును."

"వెనక్కి తిరిగి, మెడ దాకా పోయిందా? వేలెడు వెడల్పున?"

ఒలింపియా తల ఊపింది. తల్లికి వీపు రుద్దిన ప్రతిసారీ చేతికి తగిలిన మచ్చ అది.

"అది నేను చేసిందే," అంది అవ్వ. "నాకప్పుడు పదమూడేళ్లు. వాళ్లది మా పక్కిల్లు. పిల్లను చూస్తూ ఉండమని అక్సీనియా నాకప్పగించి పొలం పోయింది. నేను గవ్వలాట ఆడుతూ కూర్చున్నా. ఇది పోయి పొయ్యి మీద పడింది. ఇలీంకా దాని పేరు."

ఒలింపియా ఆ పేరును మనసులోనే రెండుసార్లు పలికి చూసుకుంది.

అవ్వ ఒక్కొక్కటే చెప్పింది. తండ్రి ఫిబ్రవరిలో పోయాడు. పెద్దపిల్లాడు ఆ తర్వాత వారానికి. మిగిలిన ఈ ఒక్కదానికైనా ఆశ్రమంలో గంజి దొరుకుతుందని అక్సీనియా బండెక్కించింది. తను బతుకుతానని ఆమె అనుకోలేదు. బతికింది. మే నెలలో, కాళ్లు నిలబడగానే, నలభై కిలోమీటర్లు నడిచి పిల్ల కోసం పోయింది.

"ఇలీంకా అనే పిల్ల మా దగ్గర లేదన్నారట. టైఫస్ వచ్చింది, లేనివాళ్లంతా గోతిలో ఉన్నారు పొమ్మన్నారట. ఆవరణలో యాభై మంది పిల్లలు, అందరికీ గుండ్లు, అందరికీ ఒకటే చొక్కా. భుజం మీద మచ్చ చూస్తానన్నా లోపలికి రానివ్వలేదట. కంచె పట్టుకుని పొద్దుగూకేదాకా చూసిందట. ఏ పిల్లా అమ్మా అనలేదట. ఎలా అంటుందే, అన్నయ్య పోయిన రోజునుంచీ అది నోరిప్పలేదు కదా. కరువు మొహాలు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. కన్నతల్లే పోల్చుకోలేకపోయింది."

"ఆవిడ ఎప్పుడు పోయింది?"

"తొంభై ఒకటిలో. ఆ ఏటిదాకా, ప్రతి పెద్దల ఈస్టర్‌కీ ఇలీంకా పేరిట ఒక చిన్న గిన్నె, ఒక చిన్న గౌను ఎవరో ఒకరి పిల్లకి దానమిచ్చేది. ఎప్పుడూ నాలుగేళ్ల పిల్ల గౌనే."

తొంభై ఒకటిలో వెరోనికాకు నలభై ఎనిమిది. ఒలింపియాకు పాతికేళ్లు, చంకలో బిడ్డ. లుంకెని ఆడవాళ్లు చెర్రీపళ్ల కాలంలో బుట్టలు మోసుకుని తమ పట్నం బజారుకే వచ్చేవారని అవ్వ చెబుతుంటే ఒలింపియాకు ఇక వినాలనిపించలేదు. అమ్మకు చెర్రీపళ్లంటే ఇష్టం. ఆమె ఎవరి బుట్టలోవి కొన్నదో ఇప్పుడెవరు చెబుతారు?

"సమాధి ఉందా అవ్వా?"

"ఉంది. కొడుకూ ఉన్నాడు. కరువు తర్వాత మళ్లీ పెళ్లి చేసుకుంది, ప్రోఫిర్ పుట్టాడు. నీకు మేనమామ. పద, నన్ను పట్టుకో. జాగ్రత్తగా మాట్లాడు, వాడు కాస్త ముల్లు."

ప్రోఫిర్ అరవై ఎనిమిదేళ్ల మనిషి, బక్కపలచగా ఉన్నాడు. తల్లి సమాధి దగ్గర భార్యతో కలిసి తింటున్నాడు. అగాఫియా చెప్పింది మొత్తం మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. ఒలింపియా ఫొటో అందించింది. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. పక్కనుంచి తొంగిచూసిన భార్య నోటికి తలగుడ్డ అంచు అడ్డం పెట్టుకుంది. శిలువ మీద అక్సీనియా ఫొటో ఉంది. ఆ దవడలు, ఆ కనుబొమలు గుడ్డివాడికైనా తెలుస్తాయి.

ప్రోఫిర్ ఫొటో తిరిగి ఇచ్చేశాడు.

"పోలికలు దేవుడిస్తాడు. లోకంలో చాలామందికిస్తాడు."

"కాగితం కూడా ఉంది మావయ్యా…"

"మావయ్యా గీవయ్యా అనకు. ఏం కావాలి నీకు? ఇల్లా? కూలిపోతోంది, వెళ్లి చూసుకో."

"ఇల్లు కాదు. ఒక్క దీపం వెలిగించుకుంటాను. అమ్మ పేరు చెప్పి, ఇక్కడ."

"మా అమ్మ ఆ పిల్ల చచ్చిపోయిందని నలభై నాలుగేళ్లు ఏడ్చింది," అన్నాడు ప్రోఫిర్. గొంతు పెంచలేదు. "నేను పుట్టిందీ పెరిగిందీ ఆ ఏడుపులోనే. నాకు కొత్త చొక్కా కుట్టిన రోజున కూడా ముందు దానికి గౌను కుట్టేది. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఇలీంకా అంది. నేనొక్కణ్ణే ఉన్నా పక్కన. ఇప్పుడు నువ్వొచ్చి, అది నలభై కిలోమీటర్ల దూరంలో కడుపునిండా తిని, పెళ్లి చేసుకుని, పిల్లను కని, హాయిగా ఉందంటావు. మరి ఆ ఏడుపంతా ఎందుకైనట్టు? నా చిన్నతనం ఎందుకైనట్టు?"

"హాయిగా ఏం లేదు. ఆమె కూడా…"

"వెళ్లమ్మా. పండగపూట నాతో తిట్టించుకోకు."

"ఒరే ప్రోఫిర్, పాపం రా," అంది అవ్వ.

"నీ మచ్చ నువ్వు మోసుకో అవ్వా. నా జోలికి రాకు."

ఒలింపియా దీపం సంచిలోనే పెట్టుకుని దిగివచ్చింది. అవ్వ ఒక్క మాట అడిగింది, "నా గురించి ఎప్పుడైనా చెప్పిందా?" అని. ఒలింపియా అబద్ధం చెప్పలేకపోయింది. "ఆమెకు ఏమీ గుర్తులేదవ్వా," అంది.

ఆ ఏడాది ప్రోఫిర్‌కు మూడు ఉత్తరాలు రాసింది. రెండింటికి జవాబు రాలేదు. మూడోది కవరు చింపకుండానే తిరిగొచ్చింది. తల్లి రాతిపలక మీద ఇలీంకా అని చెక్కిస్తానని చర్చికి వెళితే పాదిరి నొచ్చుకుంటూనే బాప్తిస్మం కాగితం అడిగాడు. లుంకెని చర్చి పుస్తకాలు యుద్ధంలో కాలిపోయాయి. పోనీ తెలిసిన మనిషి వచ్చి సాక్ష్యం చెప్పినా సరేనన్నాడు. ఒలింపియా అవ్వ ఇంటికి ఫోన్ చేసింది. మనవడు ఎత్తి, అవ్వ పోయి పదకొండు రోజులైందని చెప్పాడు.

ఆ సంగతి ఇటలీలో ఉన్న కూతురికి చెబితే, "ఇంక వదిలెయ్ అమ్మా. పోయినవాళ్లకి తెలుస్తుందా ఏమన్నా?" అంది.

మళ్లీ పెద్దల ఈస్టర్ వచ్చింది. వెళ్లకూడదనుకుంటూనే వెళ్లింది. అక్సీనియా సమాధి చుట్టూ ప్రోఫిర్ కొత్తగా ఇనప కంచె వేయించాడు, గేటు పెట్టించాడు. లోపల బల్ల వేసుకుని భార్యాభర్తలు తింటున్నారు. భార్య ఆమెను చూసి లేవబోయింది. ప్రోఫిర్ ఏదో అన్నాడు, ఆమె కూర్చుండిపోయింది. అతను మాత్రం ఒక్కసారి తలెత్తి చూశాడు. ఏడాదిలో బాగా ముసలివాడైపోయాడు. గేటు వైపు కదిలినట్టే కదిలి, వీపు ఇటు తిప్పి కూర్చున్నాడు.

ఎంతసేపు నిలబడిందో, పక్క సమాధి దగ్గరి కుటుంబం ఆమెను పిలిచి కూర్చోబెట్టింది. పట్నం నుంచి వచ్చినవాళ్లు, ఆమెను ఎరగరు. ఎర్రగుడ్డు వలిచి చేతిలో పెట్టారు.

"మీవాళ్లు ఎవరున్నారమ్మా ఇక్కడ?" అని అడిగింది ఇంటావిడ.

"ఎవరూ లేరు," అంది ఒలింపియా. "ఊరికే వచ్చాను."

ఆవిడ వింతగా చూసింది. ఒలింపియా గుడ్డు తిని, చేతులు తుడుచుకుని, వాళ్లకు నమస్కారం చెప్పి లేచింది. నాలుగు గంటల బస్సులో అప్పటికే జనం నిండారు. నలభై కిలోమీటర్లూ ఆమె నిలబడే వచ్చింది.