తరుగు

నాలుగో ఆట ముగిసేసరికి తిప్పేష్ బొటనవేళ్ల తొడుగులు చెమటకు తడిసిపోయాయి. అవి భార్య హేమలత పాత సాక్సు కత్తిరించి కుట్టినవి. ఫ్యాను కింద ఆరబెట్టి మళ్లీ తొడుక్కున్నాడు.

కళ్యాణదుర్గంలో ఎరువుల కొట్టు పైన రేకుల గది. ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట పోటీ ఉదయం తొమ్మిదికి మొదలైంది. నలుగురి జట్టులో ఎటు పరుగెత్తాలో, ఎదుటివాళ్లు ఎందరు పడ్డారో చెప్పేది తిప్పేషే. ఆరు ఆటల్లో ముందు నిలిస్తే బెంగళూరులో జరిగే పెద్ద పోటీకి పిలుపు వస్తుంది. ఇరవై తొమ్మిదేళ్లవాణ్ణి వచ్చే ఏడాది ఎవరూ పిలవరని అతడికి తెలుసు.

తక్కిన రోజుల్లో అతడిది శనక్కాయల మిల్లులో మూటలు లెక్కపెట్టే పని. మొదటి మూటను ఒకటి అనకుండా లాభం అనాలి. రెండోది వచ్చేదాకా ఆ మాటే జపించాలి. తండ్రి తిప్పన్న నేర్పిన పద్ధతి. పదేళ్లలో ఒక్క మూట తప్పలేదు. ఆటలో పడినవాళ్లనూ అలాగే లెక్కపెట్టేవాడు.

బుద్ధి కూడా సరుకే. పొద్దున తూకానికి నిండుగా ఉన్నది, ఎండలో పోసిన పచ్చికాయలా సాయంత్రానికి తరుగుతుంది. ఐదో ఆటలో ఎదుట మనిషి కనబడ్డాడు. కాల్చాలని తెలుసు. వేలు కదల్లేదు.

"అన్నా, కండ్లు ఎర్రగైనాయి. ఆఖరాట అభిలాష్ ఆడతాడులే, పండుకో," అన్నాడు కొట్టువాళ్ల అబ్బాయి భరత్. జట్టుకు అదనంగా ఉన్న ఐదోవాడు అభిలాష్ అప్పటికే ఫోను తుడుచుకుంటున్నాడు.

"నాకేమైందప్పా? వెయ్యి మూటలు లెక్కబెట్టినా నాకు నిద్ర రాదు."

"మూటలు తిరగబడి కాల్చవు కదన్నా!"

అందరితో పాటు తానూ నవ్వాడు. ఫోను మాత్రం వదల్లేదు.

ఆరో ఆటలో నలుగురూ ఒక బండరాయి చాటున దాగారు. ఎదుట గడ్డిలో మరో నలుగురు. ఒకడు పడ్డాడు. "లాభం, లాభం," అన్నాడు తిప్పేష్. ఇంకొకడు. "రెండు, రెండు." మరొకడు. "మూడు, మూడు, మూడు..." చెవుల్లో హోరు. మూట రాకుండానే నోరు ముందుకు నడిచింది.

"నాలుగు. అయిపాయ, లేయండప్పా!"

లేచారు. గడ్డిలో మిగిలినవాడు ఒక్కొక్కరినే తీరిగ్గా కాల్చాడు.

ఎవరూ తిట్టలేదు. భరత్ మాత్రం, "మూడే కదన్నా పడిండేది," అన్నాడు.

తిప్పేష్ వేళ్ల తొడుగులు ఊడదీసి ఫ్యాను కింద పెట్టి, హెడ్‌ఫోను తీసి అభిలాష్ ఒళ్లో పెట్టాడు. "ఇంకమింద నువ్వే లెక్కబెట్టప్పా."

"యాడికన్నా?"

"మిల్లుకు. ఐదింటికి లోడు ఉండాది."

మెట్లు దిగుతూ అలవాటుగా లెక్కపెట్టాడు. పదకొండు మెట్లని రెండేళ్లుగా తెలుసు. కింద నేలమీద కాలు పెట్టేసరికి పన్నెండు వచ్చింది. కాసేపు అక్కడే నిలబడ్డాడు. మళ్లీ ఎక్కి చూసుకోవడానికి ధైర్యం చాలక, మిల్లు దారి పట్టాడు.

పైన ఫ్యాను కింద, తొడుగులు రెండూ చెమట ఉప్పుకు బిరుసెక్కి, బొటనవేళ్ల వంపుతోనే ఆరుతున్నాయి.