రెండు వందల గ్రాముల ఖాళీ

ఆయా బోర్డుని కింది వరుస నుంచి పైకి తుడుస్తుంది. మనిషి పొట్టి. చెయ్యి అందినంత మేర తుడిచి, స్టూలు ఈడ్చుకుని ఎక్కి మిగతాది తుడుస్తుంది. అందుకని పదకొండేళ్ళుగా నాలుగో తరగతి పాఠాలన్నీ ఆమెకి తలకిందులుగానే వచ్చాయి. సీతాకోకచిలుక ముందు, గుడ్డు తర్వాత. జవాబు ముందు, లెక్క తర్వాత. దేవుడు ఏడో రోజున విశ్రాంతి తీసుకున్నాక గానీ వెలుగు పుట్టలేదు. బడి మొహం చూడని మనిషి అలా తుడుస్తూ తుడుస్తూనే అక్షరాలు కూడబలుక్కుంది. పదకొండు సార్లు నాలుగు చదివినా ఒక్కసారీ ఐదులోకి ఎక్కించలేదు కదే నిన్ను, అని వాళ్ళ అక్క వెక్కిరింపు.

చేతిరాతలూ అలాగే పట్టుబడ్డాయి. మూడో తరగతి టీచరువి గుండ్రటి అక్షరాలు, ఒక్క తుడుపుకి పోతాయి. నాలుగో తరగతి టీచరు సుద్దముక్క విరిగేలా నొక్కి రాస్తుంది. తలకట్లు కాకిముక్కుల్లా పైకి పొడుచుకుని ఉంటాయి. తడిగుడ్డతో రెండుసార్లు రుద్దితే గానీ వదలవు. ఆ ముక్కులు రుద్దీ రుద్దీ ఆయా కుడిభుజం కీలు అరిగిపోయింది. చెయ్యి ఎత్తినప్పుడల్లా లోపల ఏదో టక్కుమంటుంది.

ఇవాళ ఆఖరి రోజు. దొంగ అని పేరు పెట్టి పంపేస్తున్నారు.

పోయిందేమిటో వింటే నవ్వొస్తుంది. నాలుగో తరగతి పిల్లలు ఈ నెల తూనికలు నేర్చుకుంటున్నారు. దానికో చెక్కపెట్టె. కిలో నుంచి ఐదు గ్రాముల దాకా ఎనిమిది ఇత్తడి రాళ్ళు, దేని గుంటలో అది. పొద్దున్నే ఆ రోజు లీడరు పెట్టె తెరిచి, వరసగా గట్టిగా చదవాలి. గుంటలో ఏది ఉంటే అది చదవండి, లేకపోతే లేదని చదవండి, అని టీచరు నియమం. రెండు వారాల కిందట లీడరు కిలో అంది, ఐదు వందలు అంది, ఆగిపోయింది. మూడో గుంట ఖాళీ.

అలమరకి రెండు తాళంచెవులు. టీచరు దగ్గర ఒకటి, ఆయా దగ్గర ఒకటి. ఆయా ఉండే సందు మొదట్లో పాత ఇనప సామాన్ల కొట్టు. ఇంకేం కావాలి? దొంగ చెవి ఏదో తేల్చడానికి బడి నడిపే పెద్ద సిస్టరుకి అర నిమిషం పట్టలేదు. ఆయా సంచి బెంచీ మీద బోర్లించి చూశారు. పాత దువ్వెన, మందుబిళ్ళలు, అక్క ఇస్త్రీ చేసిచ్చిన చేతిరుమాలు. టీచరు సంచి ఎవరైనా విప్పారా? విప్పరు. మనుషుల్లోనే కాదు, సంచుల్లోనూ పెద్దింటివి ఉంటాయి.

తొమ్మిదింటికి పిల్లలొచ్చారు. రెండు వారాల కిందటి దాకా "డస్టరమ్మా" అని కొంగు పట్టుకు లాగినవాళ్ళే. ఇప్పుడు ఆమె చీపురుతో వరసలోకి వస్తే పెన్సిలు డబ్బాలు ఒళ్ళోకి తీసుకుంటున్నారు. ఎవరూ తీసుకోమని చెప్పలేదు. చెప్పకుండానే నేర్చుకున్నారు. పిల్లలు తొందరగా నేర్చుకునేవి అవే.

"కిలో. ఐదు వందలు. రెండు వందలు లేదు," అని ఇవాళ్టి లీడరు చదివింది. ముప్పై ఆరు తలలు తలుపు దగ్గరున్న ఆయా వైపు తిరిగాయి. రోజూ తిరుగుతున్నాయి. టీచరు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తోంది.

పది గంటలకి పెద్ద సిస్టరు పిలిపించింది. నున్నగా మెరిసే బల్ల మీద, నిన్ననే చెప్పి ఉంచిన కాగితం. రాయి నేనే తీశాను, క్షమించండి, అని టైపు చేసి ఉంది. కింద సంతకానికి చోటు. సంతకం పెడితే ప్రవర్తన బాగుందని ఇంకో కాగితం ఇస్తారట. అది ఉంటే గానీ ఆసుపత్రి బట్టలు ఉతికేచోట పని దొరకదు. ఆ పనికి అక్క నలుగురి కాళ్ళావేళ్ళా పడింది.

"మేం నిన్ను ఎప్పుడో క్షమించేశాం ఆయా. నువ్వు ఒప్పుకోవడమే మిగిలింది," అంది సిస్టరు మెత్తగా.

"చెయ్యనిదానికి క్షమాపణ నేనేం చేసుకోను సిస్టర్? అది మీ దగ్గరే ఉంచండి."

నాలుగింటి దాకా ఆలోచించుకోమంది సిస్టరు. ఆలోచించడానికి ఏముంది! పొద్దున్న ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఊదుతూ అక్కా అదే మాట అంది. సంతకం గీకి పారెయ్యవే, వాళ్ళ కాగితం వాళ్ళ దగ్గరుంటుంది, నీ పొట్ట నీ దగ్గరుంటుంది, అంది. మరి నా పేరో, అంటే, ఆ నలిగిన పేరు ఇలా తే, నీళ్ళు చల్లి ఇస్త్రీ చేసిస్తా, అంది. ఇద్దరూ నవ్వారు. అక్క మళ్ళీ బొగ్గుల మీదికి వంగింది.

మధ్యాహ్నం బోర్డు మీద కాకిముక్కులు మూడు వరసలు కట్టాయి. ఒకటి, తప్పు తెలుసుకో. రెండు, తప్పు చెప్పుకో. మూడు, తప్పు సరిదిద్దుకో. పిల్లలు మొదటిసారి పాపసంకీర్తనం చేసే రోజు, అంటే ఫాదర్ ఎదుట తప్పులు ఒప్పుకునే రోజు. ఏటా ఇదే వరస. ఎవరి తప్పులు వాళ్ళు చీటీ మీద రాసి, నాలుగు మడతలు పెట్టి, బిస్కట్ల డబ్బాలో వెయ్యాలి. పిల్లలు బెదరకుండా ముందు టీచరు తన చీటీ రాసి వేస్తుంది. తర్వాత అందరూ వరసగా గుడిలోకి, ఫాదర్ దగ్గరికి. వాళ్ళు తిరిగొచ్చేలోపు ఆయా వంటగది వెనక ఇటుకల గుంటలో చీటీలు కాల్చి బూడిద చూపించాలి. చదవకూడదు. అవి దేవుడికీ వాళ్ళకీ మధ్య సంగతులు. పదకొండేళ్ళలో ఆమె ఒక్క చీటీ విప్పలేదు. దొంగంటున్నారే, ఆ మనిషి సంగతి ఇది.

అగ్గిపుల్ల గీసి పడేసింది. మడత కాగితం మంటలో తనంతట తనే విచ్చుకుంటుంది, నిద్ర లేచే పిల్ల గుప్పిటలాగా. ఒక చీటీ విచ్చుకుంది. కాకిముక్కులు.

ఆ రాత రుద్దిన చెయ్యి అది, కంటికంటే ముందు చెయ్యే గుర్తుపట్టింది. వేళ్ళు చురుక్కుమంటున్నా లాగేసింది. మూల కాలింది. రాసింది మిగిలింది.

రెండు వందల గ్రాముల రాయి మా ఇంట్లోనే ఉంది. దిద్దడానికి తెచ్చిన పుస్తకాల సంచిలో వచ్చింది. పోయిన సోమవారం మా పాప బొమ్మల్లో కనిపించింది. ఆయా తీయలేదు. చెబితే నా ఉద్యోగం పోతుందని భయం. క్షమించు తండ్రీ.

ఆయా ఇంకోసారి చదివింది. గుంట గట్టు మీద కూలబడింది. సోమవారం! సోమవారం నుంచీ ఈమెకి తెలుసు. మంగళవారం తెలుసు, బుధవారం తెలుసు. ఇవాళ పొద్దున కిటికీలోంచి చూస్తున్నప్పుడు తెలుసు. తెలిసి, కాగితం మీద పెట్టి, నాలుగు మడతలు పెట్టి, కాల్చమని నా చేతికే ఇచ్చింది. పాపం బూడిదైపోతుంది, ఆమె తేలికైపోతుంది, నేను దొంగనైపోతాను. ఎంత చక్కటి ఏర్పాటు!

పిల్లల చీటీలు చివరిదాకా కాలనిచ్చింది. అవి దేవుడికీ వాళ్ళకీ మధ్య సంగతులు. ఇది మాత్రం దేవుడి సంగతి కాదు. ఆమెకీ నాకూ మధ్య సంగతి. నడుమ దేవుడెందుకు?

పెద్ద సిస్టరు దగ్గరికి తీసుకెళ్తేనో? ఆ తలుపు మూసుకుంటుంది. మెత్తటి మాటలు మొదలవుతాయి. చీటీ చదివిన పాపం ముందు విచారణకొస్తుంది, కాగితం సొరుగులోకి పోతుంది. చీటీని జాకెట్లో దోపుకుని లేచింది.

మూడున్నరకి పిల్లలు తేలికపడ్డ మొహాలతో ఇళ్ళకి పోయారు. టీచరు డబ్బాలోకి తొంగి చూసింది.

"అన్నీ కాలిపోయాయా ఆయా?"

"పిల్లలవన్నీ కాలిపోయాయి టీచర్ గారూ."

టీచరు వినిపించుకోలేదు. పుస్తకాలు సర్దుకుంటోంది. సంచిలోంచి ఒక జపమాల తీసి, నా గుర్తుగా ఉంచుకో, అని చెయ్యి చాచింది. చేతులు మసిగా ఉన్నాయని ఆయా అందుకోలేదు. బోర్డు కేసి చూపించింది.

"ఆ మూడోది ఉంది చూడండి. అది పిల్లలకేనా, పెద్దవాళ్ళకి కూడానా?"

"అందరికీ ఆయా."

"మరి ఎప్పుడు చెయ్యాలి?"

టీచరు మొహంలో రంగు మారింది. ఏదో అనబోయి, గడియారం చూసుకుంది. "వీలు చూసుకుని," అంది.

ఆమె చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయేదాకా ఆయా నిలబడే ఉంది. ఒక్క మాట అని ఉంటే, రాయి మా ఇంట్లో ఉందే అని ఒక్క మాట, చీటీ ఆమె చేతిలోనే పెట్టేసేది. పదకొండేళ్ళు ఆమె రాసింది తుడిచింది. ఇదీ తుడిచేసేది.

తడిగుడ్డ పిండింది. ఈసారి స్టూలు ముందే వేసుకుని పైనుంచి మొదలుపెట్టింది. ఒకటో వరస తుడిచింది. రెండో వరస తుడిచింది. మూడోది ముట్టుకోలేదు.

అలమర తెరిచింది. పెట్టెలో చెయ్యాల్సింది చేసి, మూత వేసి, పైన ధూళి తుడిచింది. తాళంచెవి గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో పెట్టింది. సిస్టరు కాగితం గురించి అతను అడిగాడు. సంతకం నేను పెట్టక్కర్లేదులే, పెట్టాల్సినవాళ్ళు పెట్టారు, అంది. అతనికి అర్థం కాలేదు. రేపు తొమ్మిదింటికి నాలుగో తరగతి తలుపు దగ్గర నిలబడు, బాగా వినిపిస్తుంది, అని చెప్పి, సంచి భుజాన వేసుకుని రోడ్డెక్కింది. భుజం టక్కుమంది. వెనక్కి తిరగలేదు.

చీకటి అలమరలో చెక్కపెట్టె. కిలో, ఐదు వందలు, ఆ పక్కన మూడో గుంటలో నాలుగు మడతల చీటీ, ఒక మూల నల్లగా కాలి.