ప్రేమకుమారి మరిచిన దారి

ఏడేళ్లప్పుడు ప్రేమకుమారి ఎడ్లబండి మీద నుంచి పడింది. తలకు తగిలిన గాయం నెలలో మానితే, గండం గడిచిందనుకుంది తల్లి విజయమ్మ. డెబ్బైమూడులో పిల్లకి పద్నాలుగేళ్లు వచ్చాయి. ఒక సాయంత్రం బడి వదిలి గంటయినా రాకపోతే విజయమ్మ రేపల్లె వీధులన్నీ వెతికింది. పిల్ల రైల్వేస్టేషను బల్ల మీద కూర్చుని ఉంది.

“ఇంటికి రాకుండా ఇక్కడేంటే?”

“దారి గుర్తు రాలేదమ్మా.”

విజయమ్మ పిల్లను ఇంటికి తీసుకొచ్చింది. మర్నాడే తెనాలి డాక్టరుకు చూపించింది.

“పాత దెబ్బేనమ్మా. కొన్ని లోపాలు పిల్లలు ఎదిగాకే బయటపడతాయి,” అన్నాడాయన.

“ఇంకా ఏమేం బయటపడతాయండి?”

“ఇప్పుడే చెప్పలేం.”

తిరుగు రైల్లో ప్రేమకుమారి రాబోయే స్టేషన్ల పేర్లు వరసగా చెబుతూ, భట్టిప్రోలు తర్వాతది గుర్తు రాక ఆగిపోయింది. విజయమ్మ పేరు అందించకుండా పిల్లకేసి చూసింది. ఆ స్టేషను బోర్డు కనబడ్డాక “పల్లెకోన” అంది పిల్ల.

“చూసి చెప్పానమ్మా,” అని తల దించుకుంది.

ఇల్లు చేరేదాకా విజయమ్మ పిల్ల చెయ్యి వదల్లేదు.