చక్రానికి పోసిన ఆముదం

ఆ మోటారంటే పోసవ్వకు మొదట్లో భయం, తర్వాత్తర్వాత జాలి. హైదరాబాదులో ఏ నవాబో ఏళ్ల తరబడి ఊరేగి వదిలేసిన దాన్ని కొడుకు రాజేశ్వర్ పటేల్ ముచ్చటపడి కొనుక్కొచ్చాడు. తోలు సీట్లు, కిటికీలకు పట్టు తెరలు. పైకి చూస్తే మహారాజే, లోపల మాత్రం అన్నీ రోగాలే. యుద్ధం వచ్చాక సామాన్లు దొరకడం కూడా మానేశాయి. డ్రైవర్ పండరి పసిపిల్లను సాకినట్టు సాకుతూ బాన్సువాడలో దాన్ని ఎలాగో నడిపిస్తున్నాడు.

ఆగినప్పుడల్లా చక్రాల్లోంచి కీచుమని అరిచేది. ఆ అరుపు వింటే పోసవ్వ ప్రాణం ఉసూరుమనేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎడ్లబండ్లు చూసిన మనిషి. ఎండిన చక్రం ఏడుస్తుందని, ఇంత ఆముదం పోస్తే నోరు మూస్తుందని ఆమెకు ఇంకొకరు చెప్పాలా? “మొగోళ్లకు సోకులే గని సాకుడు చాతగాదు” అని సణుక్కునేది.

ఆ పొద్దున పురిటికి వచ్చిన మనవరాలు గంగమణి పరిస్థితి చేయిదాటిపోయింది. “బిడ్డ అడ్డం తిరిగింది, బోధన్ దవాఖానకు కొంటవోండ్రి” అని మంత్రసాని బక్కమ్మ చేతులెత్తేసింది. పండరి పరుపు తేవడానికి లోపలికి పరుగెత్తాడు. ఇంత దూరం పోయే బండి, ఎండిన చక్రాలతోనా? పోసవ్వ ఆముదం చెంబు తెచ్చి, చక్రాల వెనక సందుల్లోకి ధారగా వంచింది. మూడింటికి దండిగా పోసింది. ఎడమపక్క ముందు చక్రం దగ్గరికి వచ్చేసరికి, పుట్టే బిడ్డ మాడుకు పెట్టడానికి ఉండాలి కదా అని గుర్తొచ్చింది. అడుగున మిగిలిన కాస్తా చెంబుకు మూత బిగించి మూటలో దాచుకుంది.

మోటారు ఊరు దాటింది. కీచు లేదు, కూత లేదు! పోసవ్వ ఒడిలో తల పెట్టుకుని గంగమణి మూలుగుతోంది గానీ, లేకపోతే ముసలమ్మ గర్వంగా చెప్పుకునేదే.

అంతలో ఎనుముల మంద అడ్డొచ్చింది. పండరి కాలి కింది మీట తొక్కాడు. మోటారు ఆగలేదు సరికదా, ఒక్క ఊపున ఎడమకు తిరిగి మడి గట్టు అంచుదాకా పోయింది. ఎనుములు బెదిరి చెదిరాయి. గంగమణి కెవ్వున అరిచింది.

“ఏందిరా పండరీ, కండ్లు నెత్తికెక్కినయా?” ముందు సీట్లోంచి పటేల్ గద్దించాడు. “నా బిడ్డకేమన్నయితే నీ తోలు తీస్త!”

“బిరేకు పడ్తలేదు పటేలా. తొక్కితే ఎడమకు గుంజుతుంది. నిన్న మంచిగనే ఉండె.” పండరి స్టీరింగును రెండు చేతులా కుడికి లాగాడు.

“బిరేకంటే ఏందిరా?” పోసవ్వ అడిగింది.

“చక్రం లోపట పట్టీ ఉంటదవ్వా. గట్టిగ రాసుకొని చక్రాన్ని ఆపుతది. కీచుమంటది సూడు, గదే.”

పోసవ్వకు పొద్దుటి చెంబు కళ్లముందు మెదిలింది. రాసుకుని ఆపేదాని మీద చెంబెడు ఆముదం! అమ్మమ్మా, ఎంత పని చేసింది! చెబుదామంటే ఎలా? తాళాల గుత్తి నడుముకు దోపుకున్ననాటి నుంచి ఆ ఇంట్లో ఆమెది తప్పని అన్నవాళ్లు లేరు. కొడుకు ఏమంటాడు? ఈ పిల్ల ఏమనుకుంటుంది? నా చేతులతో నేనే చంపుకుంటున్నానా దీన్ని?

“ఆపుదమా పటేలా?”

“ఆపితే పిల్ల దక్కదు. పోనీయ్!”

ముందు నిజాంసాగర్ కాలువ. వాలు దిగి వంతెన ఎక్కాలి. ఎడమవైపు గోడ కూలిపోయి ఉంది, కింద నిండుగా నీళ్లు. “వాలుల పానం పెట్టి తొక్కుత, ఎట్లనో ఆగుతది” అని పండరి తనకు తానే చెప్పుకుంటున్నాడు.

“తొక్కకు బిడ్డా!” పోసవ్వ అరిచింది. “నేనే... చక్రాలకు ఆముదం పోసిన. మూడింటికి. గా ఎడమ దిక్కు ముందటి దానికే పోయలే.”

పటేల్ వెనక్కి తిరిగి తల్లిని చూశాడు. పండరికి ఇప్పుడు అర్థమైంది. తొక్కితే ఆ ఒక్క చక్రమే పట్టేసి, బండిని నేరుగా కాలువలోకి తిప్పేసేది.

అతను కాలు తీసేసి, వాలు రాకముందే గేరు కిందికి దింపాడు. ఇంజన్ గీపెట్టింది. మోటారు మనిషి నడకలా దిగుతోంది, కానీ ఆగేది కాదు. ముందు వంతెన మీద అటే పోతున్న చెరుకు బండి! “పక్కకు! పక్కకు!” అని పండరి అరుస్తుంటే బండివాడు ఎద్దులను అవతలి కొసకు అదిలించుకుపోయాడు. మోటారు కుడి గోడను రాసుకుంటూ వంతెన ఎక్కింది. ఎడమ కిటికీ నిండా నీళ్లే కనిపిస్తున్నాయి. పోసవ్వ కళ్లు మూసుకుని గంగమణి తలను పొట్టకు అదుముకుంది. కళ్లు తెరిచేసరికి చెరుకు తోటలు కనిపించాయి.

దవాఖానలో పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లికి ప్రాణగండం తప్పింది. బయట పండరి చక్రాలు విప్పి గుడ్డతో తుడుస్తున్నాడు. పటేల్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“అవ్వా, మాడుకు ఆముదం పెట్టవా?” గంగమణి నీరసంగా అడిగింది.

పోసవ్వ మూట విప్పి చెంబు తీసింది. ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా దోసిట పోసుకుని చెవుల మీదికి కారేలా పెట్టే చెయ్యి అది. ఇప్పుడు ఒక్క వేలు ముంచింది. ఆ వేలు బిడ్డ తల దాకా వచ్చి ఆగిపోయింది.

“ముందుగాల గా డాక్టరమ్మను అడుగు బిడ్డా,” అంది. “పెట్టొచ్చో, పెట్టొద్దో.”

ఒక పని చెయ్యడానికి అవ్వ ఇంకొకరిని అడగమనడం గంగమణి వినడం అదే మొదటిసారి.